చూసింది ఏది, అనుకుంది ఏది

ఇంగ్లీషు టీచరుగా పనిచేసినన్నాళ్లూ నేను పిల్లలకు చెప్పినదాంట్లో ఎక్కువ భాగం గైడులో ఉన్నదే. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరేవాళ్లకు ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. వ్యాసాలు, యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్, పద్యానికి సారాంశం, ఇవన్నీ నేను చెప్పకపోయినా ఎక్కడో ఒకచోట నేర్చుకునేవాళ్లే. నా దగ్గర తప్ప వాళ్లకు దొరకనిదంటూ ఏదైనా ఉంటే, అది శుక్రవారం ఆఖరి పీరియడ్లో జరిగే గొడవ. దాని గురించే రాస్తున్నాను. ప్రమోషన్లు, ఇన్‌స్పెక్షన్లు వదిలేస్తున్నాను. అవి అందరికీ ఒకేలా ఉంటాయి.

మాది గుంటూరు వైపు. మా నాన్న, మా మేనత్త మిషన్ స్కూళ్లలో పాఠాలు చెప్పినవాళ్లే. పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చాను. మా ఆయన యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. తార్నాకలో అద్దెకుండేవాళ్లం. నేను క్యాంపస్ లోపలే ఉన్న ఒక హైస్కూల్లో చేరాను. ప్రొఫెసర్ల పిల్లలూ, హాస్టళ్లలో పనిచేసేవాళ్ల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చునే స్కూలు అది. తొంభైల నాటి మాట.

తడవని గొడుగు

మొదలైంది ఒక బంద్ రోజున. అప్పట్లో క్యాంపస్‌లో బంద్‌లు మామూలే. హాస్టళ్ల వైపు నుంచి నినాదాలు వినబడేవి, గేటు దగ్గర పోలీసు వ్యాన్లు ఆగి ఉండేవి, సిటీ బస్సులు లోపలికి వచ్చేవి కావు. ఆ రోజు తొమ్మిదో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. పాఠం మొదలుపెడితే రానివాళ్లకు మళ్లీ చెప్పాలి. అందుకని సంచిలో ఉన్న ఒక పాత డిటెక్టివ్ కథల పుస్తకం తీశాను. కాచిగూడ స్టేషన్ దగ్గర పేవ్‌మెంటు మీద కొన్నది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. రాసిందెవరో నాకిప్పటికీ తెలియదు.

అందులో ఒక కథ చదివి వినిపించాను. వాన కురుస్తున్న సాయంత్రం పెద్ద బంగళాలో ఒక ముసలాయన చనిపోయి ఉంటాడు. కబురందుకుని ఇప్పుడే మా ఇంటి నుంచి వస్తున్నానంటాడు డాక్టరు. డిటెక్టివ్ గుమ్మం పక్కన ఆనించి ఉన్న డాక్టరు గొడుగును ముట్టుకుని చూస్తాడు. పొడిగా ఉంటుంది. “మీరు బయటినుంచి రాలేదు, మొదటినుంచీ ఈ ఇంట్లోనే ఉన్నారు” అంటాడు. డాక్టరు కుర్చీలో కూలబడి నేరం ఒప్పుకుంటాడు. కథ అయిపోతుంది.

మొదటి బెంచీలో దీపిక చాలా సంతోషపడింది. కెమిస్ట్రీ లెక్చరర్ గారమ్మాయి. చెయ్యెత్తకుండా ఒక్క పీరియడూ గడవనిచ్చేది కాదు. డిటెక్టివ్ ఎంత తెలివైనవాడో అని ఆమె మెచ్చుకుంటుండగా వెనక బెంచీలోంచి యాదగిరి మెల్లగా అన్నాడు.

“ఆటోల వచ్చిండేమో టీచర్.”

క్లాసంతా నవ్వింది. ఆ కథ జరిగిన దేశంలో, ఆ కాలంలో ఆటోలెక్కడివి? యాదగిరి తలొంచుకున్నాడు. వాళ్ల నాన్న హాస్టళ్లలో ఎలక్ట్రీషియన్. కుర్రాడు బొమ్మలు బాగా వేస్తాడు, మాట తక్కువ. ఆ నవ్వులో నాకు తట్టిందేమిటంటే, వాడి ప్రశ్న సరైనదే. ఆటో కాకపోతే గుర్రబ్బండి. ఏ బండిలో వచ్చినా గొడుగు తడవదు. ఆ మాటే చెప్పి, గొడుగు పొడిగా ఉండడానికి ఇంకేం కారణాలు ఉండొచ్చో చెప్పమన్నాను. రెయిన్‌కోటు వేసుకొచ్చాడేమో అన్నారొకరు. పొయ్యి దగ్గర ఆరబెట్టాడేమో అన్నారు ఇంకొకరు. నిన్న వచ్చినప్పుడు మర్చిపోయి వెళ్లిన గొడుగేమో అని ఒక పిల్ల అనేసరికి నేనే ఆశ్చర్యపోయాను. ఆ కథ నేను ఎన్నోసార్లు చదివాను. ఈ ఊహ నాకెప్పుడూ రాలేదు.

దీపిక ఒప్పుకోలేదు. “కానీ డాక్టర్ కన్ఫెస్ చేశాడు కదా టీచర్. అంటే డిటెక్టివ్ కరెక్టే కదా.”

యాదగిరి ఈసారి తలెత్తి అడిగాడు. “ఒప్పుకోకపోతే ఏం చేస్తుండె?”

దీపిక నా వైపు చూసింది. నేను పుస్తకం వైపు చూశాను. దానికి జవాబు ఆ పేరులేని రచయిత దగ్గరా లేదనే అనుకుంటాను.

శుక్రవారాలు

హెడ్‌మిస్ట్రెస్ కమలాదేవి గారి దగ్గరికి వెళ్లి శుక్రవారం ఆఖరి పీరియడ్ నాకు వదిలేయమని అడిగాను. పిల్లలతో డిటెక్టివ్ కథల మీద వాదనలు పెట్టిస్తానన్నాను. ఆవిడ అడిగిన మొదటి మాట, పోర్షన్ పూర్తవుతుందా అని. అవుతుందన్నాను. అయితే సరేనన్నారు. కమలాదేవి గారి గురించి తర్వాత కాస్త కఠినంగా రాయాల్సి వస్తుంది కాబట్టి ఇదిక్కడ చెప్పాలి. ఆ మాత్రం అనుమతి కూడా ఇవ్వని హెడ్‌మాస్టర్లను నేను తర్వాత చాలామందిని చూశాను.

స్టాఫ్‌రూమ్‌లో నాకు ఎదురు మాట్లాడింది లెక్కల మాస్టారు సోమయాజులు గారొక్కరే. భీమవరం వైపు మనిషి. నిప్పులాంటి క్రమశిక్షణ. చిన్నప్పుడు వచ్చిన జ్వరం వల్ల ఒక కాలు పొట్టి, కుంటుతూ నడిచేవారు. “హత్యలు చెప్పి బుద్ధి నేర్పుతారా మేడమ్? ఆలోచించడం కావాలంటే జామెట్రీ ఉందిగా” అన్నారు. జామెట్రీలో చివరికి ఏం రావాలో ముందే రాసుంటుందండీ, అక్కడికి చేరడమే పని, అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. అప్పట్నుంచి నాతో టీ తాగడం మానేశారు.

పద్ధతి కుదరడానికి కొన్నాళ్లు పట్టింది. కథ ఆఖరి భాగం మాత్రం చదవకుండా ఆపేసేదాన్ని. పుస్తకం తరగతిలో పెడితే ఎవరో ఒకరు చూసేస్తారని ఇంట్లో దాచేదాన్ని. అయినా కొందరు నల్లకుంటలో అద్దె పుస్తకాల షాపుకు వెళ్లి ఆ కథ కోసం వెతికేవాళ్లు. చదువుకోమంటే చదవని పిల్లలు లైబ్రరీలు గాలిస్తుంటే ఆపడం ఎందుకని ఊరుకున్నాను.

బోర్డు మధ్యలో ఒక గీత గీసేదాన్ని. ఎడమవైపు ‘చూసింది’, కుడివైపు ‘అనుకుంది’. గొడుగు పొడిగా ఉంది అన్నది ఎడమవైపు. డాక్టరు ఇంట్లోనే ఉన్నాడు అన్నది కుడివైపు. వినడానికి సులువుగా ఉంటుంది. మీరు ఒకసారి తరగతిలో చేయించి చూడండి. మొదటి నెలంతా పిల్లలు అన్నీ ఎడమవైపే రాయమంటారు. “వాడు భయపడ్డాడు” అనేది చూసిందా, అనుకుందా అని ఒకసారి పీరియడంతా కొట్టుకున్నారు. ముఖానికి చెమట పట్టడం చూసింది, భయం అనుకుంది అని చివరికి తేల్చారు. అది తేల్చిన రోజు నేను ఇంటికి పాట పాడుకుంటూ వెళ్లాను.

ఇంకో నియమం, ఒక వారం ఎవరి తరఫున వాదించారో, వచ్చే వారం వాళ్లకు వ్యతిరేకంగా వాదించాలి. దీపిక మొదటిసారి ఏడ్చింది. తను నమ్మనిది తను ఎలా చెప్పాలని. నమ్మనక్కర్లేదు, అవతలివాళ్ల కన్నా బాగా చెప్పు చాలు అన్నాను. తర్వాత ఆ పిల్లకు అదే ఇష్టమైపోయింది, కొంచెం ఎక్కువగానే. వాళ్ల నాన్నగారు ఒకసారి వచ్చి, కూరలో ఉప్పు ఎక్కువైందని తనంటే ‘మీకు ఎక్కువైందా, అందరికీనా’ అని అడుగుతోందని ఫిర్యాదు చేశారు. ఆయన ముఖం మాత్రం ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు.

రోడ్డు మీద పరీక్ష

కథల్లో డిటెక్టివ్ మనిషిని చూడగానే ఎక్కణ్నుంచి వచ్చాడో, ఏం పని చేస్తాడో చెప్పేస్తాడు. అది నిజంగా సాధ్యమేనా అని పిల్లలకు అనుమానం వచ్చింది. నాకూ తెలుసుకోవాలనిపించింది. ఒక శుక్రవారం వాళ్లను తీసుకుని క్యాంపస్ రోడ్డు పక్కన, తార్నాక వైపు, చెట్ల నీడన నిలబడ్డాను. దారిన పోయేవాళ్లను చూసి ఊహించాలి, తర్వాత వెళ్లి మర్యాదగా అడగాలి.

వేళ్లకు తెల్లటి పొడి అంటుకున్న ఒకావిడ వస్తుంటే దీపిక వెంటనే టీచరంది. చాక్‌పీస్ పొడి. చీర కుచ్చిళ్ల దగ్గర కూడా ఉందని చూపించింది. నాకూ నిజమే అనిపించింది. వెళ్లి అడిగితే ఆవిడ నవ్వింది. బ్యాంకులో పనిచేస్తుందట. ఇంట్లో పూజ ఉందని సెలవు పెట్టి, ముగ్గులేసి, పూలకోసం బయల్దేరింది. టై కట్టుకుని నల్ల బ్యాగు పట్టుకున్న ఒకతన్ని అందరూ ముక్తకంఠంతో మెడికల్ రిప్రజెంటేటివ్ అన్నారు. అతను చరిత్రలో రీసెర్చ్ చేస్తున్నాడు. పెళ్లిచూపులకు వెళ్తున్నాడు. పిల్లలు ఆల్ ది బెస్ట్ చెప్పారు.

దాదాపు అన్నీ తప్పే.  తిరిగి వస్తూ దీపిక అంది, “కథలో డిటెక్టివ్ ఒక్కసారి కూడా అడగడు టీచర్. నిజంగా అడిగితే అక్కడే కథ అయిపోతుంది.”

ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినా కథల గురించి నేను ఇంతకన్నా మంచి మాట అనలేదు.

గోడ మీద బొమ్మ

ఆ పిల్లలు పదో తరగతికి వచ్చారు. వార్షికోత్సవం రోజు పొద్దున స్కూలుకు వెళ్లేసరికి, అంతకు ముందే సున్నం వేసిన వెనక గోడ ముందు పిల్లలు గుంపుగా ఉన్నారు. గోడ మీద బొగ్గుతో మనిషంత ఎత్తున ఒక బొమ్మ. జామెట్రీ బాక్సులో ఉండే వృత్తలేఖిని. దానికి మనిషి తల పెట్టారు. కళ్లజోడు, బట్టతల. రెండు కాళ్లలో ఒకటి పొట్టి.

ఎవరూ పేరు రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. సోమయాజులు గారు అప్పుడే గేటులోంచి లోపలికి వస్తున్నారు. గుంపు విడిపోయింది. ఆయన బొమ్మ ముందు కాసేపు నిలబడి, స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్లిపోయారు. ఆ రోజు ఆయన క్లాసులన్నీ తీసుకున్నారు. సాయంత్రం వేడుకకు మాత్రం ఉండలేదు. గోడ మీద బొమ్మకు అడ్డంగా షామియానా గుడ్డ కట్టారు.

మర్నాడు కమలాదేవి గారు యాదగిరిని పిలిపించారు. స్కూల్లో అంత బాగా బొమ్మలేసేది వాడొక్కడే. వార్షికోత్సవానికి ముందురోజు సాయంత్రం స్టేజీ తెరకు రంగులేస్తూ చీకటిపడే దాకా అక్కడే ఉన్నాడు. చేతులకు బొగ్గు ఉండడం కూడా ఎవరో చూశారు. ఆవిడకు ఇంకేం అక్కర్లేదు. వాళ్ల నాన్నను తీసుకురమ్మని, టీసీ తీసుకుని వెళ్లిపోవాలని చెప్పారు. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆ సమయంలో టీసీ ఇస్తే ఏ స్కూలూ చేర్చుకోదు. ఏడాది పోతుంది. హాస్టళ్లలో పనిచేసేవాళ్ల ఇళ్లలో ఒక ఏడాది పోవడమంటే చాలాసార్లు చదువు పోవడమే. వాడు బయటికొచ్చినప్పుడు నేను వరండాలోనే ఉన్నాను. నన్ను చూసి కూడా ఆగలేదు.

పిల్లలు నా దగ్గరికి వచ్చి, శుక్రవారం ఈ విషయం మీద వాదన పెట్టమన్నారు. కుదరదన్నాను. కొత్త టీచర్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. బంగళా కథలో చనిపోయిన ముసలాయన మీద ఎంతైనా వాదించుకోవచ్చు, ఆయనకు నొప్పి లేదు. బతికున్న పిల్లవాణ్ని తరగతి మధ్యలో నిలబెట్టి వాదన నడపకూడదు.

నేను వద్దన్నంత మాత్రాన ఆగుతారా. మధ్యాహ్నం అన్నాలప్పుడు నేను సైకిల్ స్టాండ్ వైపు వెళ్తుంటే దీపిక గొంతు వినబడింది. చుట్టూ క్లాసంతా ఉంది. యాదగిరి ఆ రోజు స్కూలుకు రాలేదు. దీపిక వాడి తరఫున వాదిస్తోంది. వాదన ఎక్కడికి వెళ్లిందంటే, నేరం విక్టర్ చేశాడని. విక్టర్ ఆఖరి బెంచీలో కూర్చునే పిల్లవాడు. ఎవరితోనూ మాట్లాడడు. మా చర్చిలో పనిచేసే ఒకాయన కొడుకు, చిన్నప్పటినుంచీ నాకు తెలుసు. వార్షికోత్సవానికి ముందురోజు వాడు కూడా పాట రిహార్సల్‌కు సాయంత్రం దాకా ఉన్నాడు. లెక్కల్లో మార్కులు తగ్గాయని సోమయాజులు గారు వాణ్ని తిట్టారు. అన్నిటికన్నా పెద్ద కారణం, వాణ్ని ఎవరూ అనుమానించరు.

“ప్రతి కథలోనూ అంతే కదా, చేసింది ఎవరూ అనుకోని మనిషే” అంటోంది దీపిక. వినడానికి చాలా బాగుంది. పిల్లలు అప్పటికే విక్టర్ వైపు తిరిగి చూస్తున్నారు. వాడు టిఫిన్ బాక్సు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నాకు కోపం వచ్చింది. వాడు మా చర్చి పిల్లవాడు కాబట్టి కూడా ఆ కోపం వచ్చిందని నాకు అప్పుడే తెలుస్తోంది. అందుకే అరవకుండా ఒక్క ప్రశ్న అడిగాను.

“దీపికా, నువ్వు చెప్పింది తప్పైతే మనకేం కనబడాలి?”

అర్థం కాలేదంది. విక్టర్ చేయలేదనుకో, అప్పుడు వాడు ఎలా ఉండేవాడు అన్నాను. ఆ పిల్ల ఆలోచించింది. మాట్లాడితే, తప్పించుకోవడానికి మాట్లాడుతున్నాడని అనేది. మాట్లాడకపోతే, దాస్తున్నాడని అనేది. తిట్టు తినకపోయుంటే, అందుకే ఎవరూ అనుమానించలేదని అనేది. ఇవన్నీ తనే ఒక్కొక్కటే పైకి చెప్పుకుంటూ వచ్చి ఆగిపోయింది.

“అంటే వీడేం చేసినా నేను వీడే అనేదాన్ని” అంది చివరికి.

 దీపిక విక్టర్ దగ్గరికి వెళ్లి, నువ్వు గీశావా అని అడిగింది. లేదన్నాడు. నాకు బొమ్మలు వేయడమే రాదు అన్నాడు. మరి ఇంతసేపూ ఎందుకు చెప్పలేదని ఆమె అడిగితే, “ఎవరూ అడగలేదుగా” అన్నాడు. ఆ మధ్యాహ్నం దీపిక అన్నం తినలేదు. దీపిక లాంటి పిల్లలు మీకు తప్పక ఎదురవుతారు. తెలివైన పిల్లలతోనే ఎక్కువ ప్రమాదం. తెలివితక్కువ వాదన కట్టినవాణ్ని ఎవరూ నమ్మరు.

హెడ్‌మిస్ట్రెస్ గదిలో

యాదగిరి వాళ్ల నాన్న వచ్చిన రోజు నేను క్లాస్ టీచర్‌గా లోపల ఉన్నాను. ఆయన పని బట్టల్లోనే వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పక్కన యాదగిరి. నేను నా వంతుగా చెప్పాల్సింది చెప్పాను. ఆ సాయంత్రం అక్కడ చాలామంది పిల్లలున్నారని, తెరకు గీతలు గీయడానికి బొగ్గు వాడమని మేమే ఇచ్చామని, చేతికి బొగ్గు ఉండడం చూసిందే కానీ గోడ మీద గీయడం ఎవరూ చూడలేదని. కమలాదేవి గారు విన్నారు. విని, “ఇంత బాగా గీయగలిగేది ఇంకెవరమ్మా?” అన్నారు.

అప్పుడు తలుపు దగ్గర సోమయాజులు గారు కనబడ్డారు. ఆయన్నెవరూ పిలవలేదు. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చోవడానికి ఆయనకు కాస్త సమయం పట్టేది. ఆ రోజు అందరం ఆ సమయమంతా ఆయన్నే చూస్తూ ఉన్నాం.

“బాగా గీశారని ఎవరన్నారండీ?” అన్నారు. “నేను నిన్నా ఇవాళా వెళ్లి ఆ బొమ్మ చూశాను, షామియానా గుడ్డ ఎత్తి. ముఖం నాది కాదు. కళ్లజోడూ బట్టతలా ఈ క్యాంపస్‌లో సగం మందికి ఉన్నాయి. కాలొక్కటే నాది. పొట్టి కాలు గీయడానికి ఆర్టిస్టు అక్కర్లేదు మేడమ్, ఎవరైనా గీయొచ్చు.”

 బొమ్మ చూసిన మేమందరం ఆ కాలు చూసి, మిగతాదంతా మేమే నింపుకున్నాం. అద్భుతంగా గీశారని కూడా మేమే అనుకున్నాం. నేను రెండేళ్లుగా బోర్డు మీద గీత గీసి పిల్లలకు నేర్పుతున్నది అదే. ఆ బొమ్మ ముందు నాకు గుర్తు రాలేదు. దెబ్బ తగిలిన మనిషి వెళ్లి చూసొచ్చాడు.

కమలాదేవి గారు తగ్గలేదు. మీకు జరిగిన అవమానానికే కదా ఇదంతా అన్నారు. ఆయన, “నొచ్చుకున్నాను, నిజమే. నా నొప్పి ఎవరి మీదా రుజువు కాదుగా” అన్నారు. మరైతే ఎవరు చేశారు, స్కూలు కమిటీ వాళ్లకు నేనేం చెప్పాలి అని ఆవిడ అడిగితే, తెలియదని చెప్పండి అన్నారు. ఇచ్చిన వివరాలు చాలనప్పుడు లెక్కలో అలాగే రాస్తాం అన్నారు.

కమలాదేవి గారు మంచి ఆఫీసరు. ఆవిడకు రాని మాట ఒక్కటే, తెలియదు అనేది. పై కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో చాలామందికి అది రాదు. ఆ కుర్చీలో ఏదో ఒకటి తేల్చడమే పని అనుకుంటారు, ఎవరు నలిగినా సరే. ఆ రోజు మాత్రం ఆవిడ బెల్లు కొట్టి అటెండర్ని పిలిచి, వెనక గోడకు సున్నం వేయించమన్నారు. అంతే. యాదగిరి టీసీ మాట మళ్లీ ఎత్తలేదు. వాళ్ల నాన్న అందరికీ దండం పెట్టి పనికి వెళ్లిపోయాడు.

బయటికొచ్చాక సోమయాజులు గారు నాతో అన్నారు, టీ తాగుదాం రండి మేడమ్ అని.

ఎవరు గీశారు?

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ అడిగే ప్రశ్న ఇది. తెలియదు. ఆ పిల్లలు పది పాసై వెళ్లిపోయారు. యాదగిరి పాలిటెక్నిక్‌లో చేరాడు. విక్టర్ ఎక్కడున్నాడో ఎప్పుడైనా చర్చిలో వాళ్ల నాన్న చెబుతుంటాడు. దీపిక పళ్ల డాక్టరైంది. నా పన్ను పీకినప్పుడు, నొప్పి ఏ పంటికో నేను చెప్పింది నమ్మకుండా ఎక్స్‌రే తీయించింది. సోమయాజులు గారు రిటైరయ్యే దాకా శుక్రవారాలు అప్పుడప్పుడు వచ్చి నా క్లాసులో వెనక కూర్చునేవారు. గీసిందెవరో ఎవరూ ఒప్పుకోలేదు, ఎవరూ బయటపెట్టలేదు.

మొదట్లో పిల్లలకు ఇది మింగుడుపడలేదు. కథకు ఆఖరి పేజీ ఉండాలిగా. ఆ తర్వాతి సంవత్సరాల్లో నేను కావాలనే కొన్ని కథల ఆఖరి భాగం ఎప్పటికీ చదివేదాన్ని కాదు. తిట్టుకునేవాళ్లు. మీరూ చేసి చూడండి. తెలియకుండా ఉండడం అలవాటు కావడానికి కూడా కాస్త సాధన కావాలి.

ఇంతవరకూ రాసింది పాఠం ఎలా చెప్పాలన్నది. ఇక్కడితో ఆపేస్తే నాకు నేర్పినవాళ్లలో ఒకణ్ని వదిలేసినట్టవుతుంది.

యాదగిరి అడిగింది

కమలాదేవి గారి గదిలో ఆ మాటలు జరిగిన సాయంత్రం నేను ఇంటికి నడిచి వెళ్తున్నాను. యాదగిరి సైకిల్ తోసుకుంటూ పక్కన వచ్చి కలిశాడు.  నేను పరీక్షల గురించి ఏవో అడుగుతున్నాను, వాడు ఊఁ కొడుతున్నాడు. తార్నాక చౌరస్తా కనబడుతుండగా అన్నాడు.

“అందరు రుజువు లేదన్నరు టీచర్. సార్ గట్లనే అన్నడు, మీరు గూడ గట్లనే అన్నరు. యాదగిరి చెయ్యలేదని ఒక్కరన్న అన్లే.”

నేను ఆగిపోయాను. మేమన్నది సరైనదే. ఆ గదిలో అనాల్సింది అదే. కానీ పదిహేనేళ్ల పిల్లవాడికి ఇంటికి తీసుకెళ్లడానికి ఆ మాట చాలదు. ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. ఇన్ని రోజుల్లో వాణ్ని నేరుగా అడిగినవాళ్లు ఎవరూ లేరు.

“నువ్వు గీశావా?” అన్నాను.

“లేదు టీచర్.”

“సరే. నువ్వు గీయలేదు.”

వాడు నా ముఖంలోకి చూశాడు. “రుజువు లేకుండనా?”

ఆ గోడ దగ్గర ఏం జరిగిందో నేను చూడలేదన్నాను. నిన్ను మాత్రం ఎనిమిదో తరగతి నుంచీ చూస్తున్నాను, ఏ బొమ్మ వేసినా కింద పేరు రాసుకుంటావు, సైన్సు టీచరు బొమ్మ వేసి చెంపదెబ్బ తిన్నప్పుడు కూడా పేరు రాసే ఉంది అన్నాను.

 శుక్రవారాల అలవాటు ఎక్కడికి పోతుంది. “దొరకొద్దని ఈసారి రాయలేదేమో” అన్నాడు.

“అలాగైనా అనుకోవచ్చు. అందుకే లోపల చెప్పలేదు. ఇది రుజువు కాదు నాయనా, నమ్మకం. రెండూ వేరు. రెండూ కావాలి.”

యాదగిరి నవ్వాడు. ఆ వారంలో వాడి నవ్వు చూడడం అదే మొదలు. వస్తా టీచర్ అని సైకిల్ వెనక్కి తిప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. వాళ్లిల్లు అడిక్‌మెట్‌లో. క్యాంపస్‌కు ఆ కొస. ఆ ఒక్క మాట అడగడానికి వాళ్లింటికి ఎదురు దిశలో, సైకిలుండి కూడా ఎక్కకుండా, నాతో ఇంత దూరం నడిచి వచ్చాడు. పోయేటప్పుడు మాత్రం నడవలేదు. సీటు మీద కూర్చోకుండా, లేచి నిలబడి తొక్కుకుంటూ పోయాడు.